నాగేటిగడ్డలో సూదులుండవు

నవంబర్ 12

గైడ్ సార్ ఐదో అధ్యాయం వెనక్కి పంపారు. అంచుల నిండా ఎర్రసిరా. "పువ్వు చూసి పూలమొక్కను ఎవరైనా గుర్తుపడతారమ్మా. పువ్వు లేని రోజున ఒక ఆకు ముక్కో గడ్డ ముక్కో చేతిలో పెడితే చెప్పగలగాలి. నీ థీసిస్ అదేగా?" అన్నారు ఫోన్లో. అదే. వైరా నర్సరీల్లో గడ్డ నుంచి వచ్చే ప్రతి పూలమొక్కనూ లిల్లీ అనేస్తారు. వాన లిల్లీ, సాలీడు లిల్లీ, మంట లిల్లీ. కోసి లోపల చూస్తే వాటిలో కొన్నింటికి ఒకదానితో ఒకదానికి చుట్టరికమే లేదు. కొన్నింటి కణాల్లో సన్నటి సూదులు కట్టలు కట్టలుగా ఉంటాయి, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. మంట లిల్లీ అని అమ్మే అగ్నిశిఖలో అవి ఉండవు. నా పట్టికలో దాని ఎదురుగా 'సూదులు లేవు' అని రాశాను.

సార్ దాని పక్కన రాశారు: 'ఉందని చెప్పడానికి ఒక్క కోత చాలు. లేదని చెప్పడానికి ఎన్ని చూశావు?'

తక్కువే చూశాను. అందుకే మొన్న ఆదివారం చర్చి అయ్యాక మా ఆయన షాలేమ్‌ని బతిమాలి బైకు మీద జూలూరుపాడు అవతలికి వెళ్ళాం. పత్తిచేల గట్ల మీద అగ్నిశిఖ తీగలు ఎండి వాలిపోయి ఉన్నాయి. కింద తవ్వితే గడ్డలు, నాగలిలా వంగి, నున్నగా. నాగేటిగడ్డ అనే పేరు ఊరికే రాలేదు.

వరండాలో ఆరబోస్తుంటే అత్తమ్మ వచ్చి నిలబడింది.

"ఇదేం గడ్డ బిడ్డా? వండుకోనీకి వస్తదా?"

"ముట్టుకోవద్దు అత్తమ్మా. విషం."

"విషపు గడ్డ ఇంట్ల ఎందుకే?"

"పువ్వు బాగుంటది."

"పడగ బాగుంటదని పామును గూడ సాదుతవా ఏంది!"

షాలేమ్ నవ్వాడు. నేనూ నవ్వాను.

నవంబర్ 15

గడ్డలు బుట్టలో వేసి అటక మీద పెట్టాను. ఇంట్లో అందరికీ చెప్పాను కూడా.

నవంబర్ 18, ఖమ్మం, దవాఖానా

వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఊరుకోవడం లేదు.

కాలేజీలో పరీక్ష డ్యూటీలో ఉండగా షాలేమ్ ఫోన్ చేశాడు. అమ్మకు వాంతులు, రూప్లి అత్తకు కూడా, ఏన్కూరు దవాఖానా నుంచి ఖమ్మం తీసుకుపొమ్మన్నారు, నువ్వు అక్కడికే రా, అన్నాడు. రూప్లి అత్త కాలువ అవతల తండాలో ఉంటుంది. అంగన్‌వాడీలో అత్తమ్మ టీచరు, ఆమె ఆయా. ఇద్దరూ రిటైరయ్యారు గానీ ఒకరి ముఖం ఒకరు చూడకుండా రెండు రోజులు గడవదు.

"ఏం తిన్నరు?" అని అడిగాను.

"దుంపలు. రూప్లత్త తెచ్చిందట. మనింట్ల ఉడకబెట్టుకొని తిన్నరు."

దుంపలు.

ఆటోలో వస్తున్నంతసేపూ అటక గురించే అనుకున్నాను. అటక మీదే పెట్టాను. అటక అందాలంటే స్టూలు ఎక్కాలి. అత్తమ్మ ఆ మోకాళ్ళతో స్టూలు ఎక్కలేదు.

నేను వచ్చేసరికి ఇద్దరి పెదాలూ నాలుకలూ వాచి ఉన్నాయి. మాట రావడం లేదు. సెలైన్ ఎక్కుతోంది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఇప్పుడు ఏదో అడిగి విసిగించడం ఎందుకని అడగలేదు. తర్వాత నర్సు ఏదో ఇంజెక్షన్ చేసింది, ఇద్దరూ నిద్రపోయారు.

డాక్టరమ్మకు చెప్పేశాను. మా ఇంట్లో అగ్నిశిఖ గడ్డలున్నాయి, వాటిలో కాల్చిసిన్ ఉంటుంది, అవి కలిసి ఉంటే ప్రమాదం అని. ఆమె ముఖం మారిపోయింది.

"వాళ్ళు తిన్నది అదేనా?"

"తెలియదు మేడం."

"దానికి విరుగుడు లేదమ్మా. మొదట వాంతులవుతయి, తర్వాత తగ్గినట్టే ఉంటది. ఆ తర్వాత రక్తకణాలు పడిపోతయి, కిడ్నీలు దెబ్బతింటయి. రోజూ రక్తం చూస్కుంట ఉండాలె. అది కాదని తేలితే మాత్రం భయం లేదు. తేల్చగలవా?"

తేల్చగలనన్నాను.

షాలేమ్ పక్కనే ఉన్నాడు. డాక్టరమ్మ వెళ్ళేదాకా ఆగి, "విషం ఇంట్ల పెట్టి నువ్వు కాలేజీకి పోతవ్. నీ పీహెచ్‌డీ మా అమ్మను మింగేటట్టుంది" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

 అటక మీదే పెట్టాను.

నవంబర్ 19

తెల్లారగానే ఏన్కూరు బస్సెక్కి ఇంటికి వచ్చాను.

బుట్ట అటక మీద లేదు. వరండాలో ఉంది, ఉల్లిగడ్డల గంప పక్కన. ఎవరో దింపినట్టున్నారు.

ఎన్ని గడ్డలు తవ్వామో లెక్కపెట్టలేదు. బుట్ట నిండుగా ఉందని మాత్రం గుర్తు. ఇప్పుడూ నిండుగానే అనిపించింది. ఒకసారి కొంచెం తగ్గినట్టు అనిపించింది. చూడటం మానేశాను.

వంటింటి వెనక తొక్కలు పడి ఉన్నాయి. కోళ్ళు కెలికి పెరడంతా చేశాయి. తినగా మిగిలిన దుంప ముక్కలు కుండలోనే ఉన్నాయి. తొక్కలు ఏరుతుంటే గేటు చప్పుడైంది. ధన్‌సింగ్, రూప్లి అత్త కొడుకు. తల్లిని వాళ్ళ తండా మాటలో యాడి అంటాడు. తిరుమలాయపాలెం వైపు బడిలో టీచరు. నిన్నంతా దవాఖానాలో ఉన్నాడు గానీ నాతో మాట్లాడలేదు.

"మేడం, ఒక్క మాట చెప్పుండ్రి. మా యాడి తిన్నది మీ గడ్డేనా?"

"తెల్వదన్నా. తెలుసుకోనీకే వచ్చిన."

"మీ ఇంట్ల గసొంటి గడ్డలు ఎందుకుంటయి మేడం? మా యాడి చదువుకోలె. ఆమెకేం తెలుస్తది?"

 వంగి తొక్కలు ఏరుతూనే ఉన్నాను. అతను కాసేపు నిలబడి, చెప్పులు విడిచి, నా పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టాడు.

థీసిస్ కోసం కాలేజీ నుంచి తెచ్చుకున్న మైక్రోస్కోపు వరండాలో బల్ల మీద పెట్టాను. ముందు కంటితోనే చూశాం. తండావాళ్ళు తవ్వుకొచ్చే అడవి దుంప తొక్క మీద సన్న వేళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి. నాగేటిగడ్డ నున్నగా ఉంటుంది, మొలక కొసలోనే వస్తుంది. వేళ్ళున్న తొక్కలు ఒకవైపు, వేళ్ళు రాలి తేలనివి ఒకవైపు వేశాం. తేలనివే ఎక్కువ. కోళ్ళ పుణ్యం.

బ్లేడుతో మొదటి కోత కోశాను. ఎన్ని వేల కోతలు కోసిన చెయ్యి, రొట్టెముక్కంత మందంగా కోసింది. రెండోదీ అంతే. మూడోది పొరలా వచ్చింది. స్లైడు మీద పెట్టి, నీటిచుక్క వేసి, కవర్‌స్లిప్ మూసి, కన్ను ఆనించాను.

సూదులున్నాయి. కట్టలు కట్టలుగా, మెరుస్తూ.

"ఏం గనపడ్డది?" అన్నాడు ధన్‌సింగ్.

"చూడన్నా."

అతను ఒక కన్ను మూసుకుని చూశాడు. "అగ్గిపుల్లల కట్టల లెక్క ఉన్నయి. ఉంటే మంచిదా, చెడ్డదా?"

"మంచిది. నా గడ్డల ఉండవు."

"అయితే అయిపోయినట్టే గదా!"

"కాలే అన్నా. ఈ తొక్క ఒక్కటే అడవి దుంపదని తేలింది. కుండల ఇంకోటి కలవలేదని ఎట్ల చెప్తం? అన్నీ కొయ్యాలె."

అన్నీ కోశాను. అతను తొక్క కడిగి ఇస్తాడు, నేను కోస్తాను, ఇద్దరం చూస్తాం. కుండలో ముక్కలు కూడా కోశాం. ఉడికితే పిండిరేణువులు చెదిరిపోతాయి గానీ సూదులు పోవు. మొదట నేను చూసి చెప్పేదాన్ని. తర్వాత తర్వాత అతనే ముందు చూసి, "ఉన్నయి" అనేవాడు. ఆ మాట కోసం ఎదురుచూడటం తప్ప ఇంకేం తోచలేదు నాకు. ఉన్నయి. దీంట్ల గూడ ఉన్నయి. ఉన్నయి మేడం.

చివరికి ఒక ముక్క మిగిలింది. చిన్నది, వంకరగా, నున్నగా, వేళ్ళు లేకుండా. దాన్ని చివరకు ఉంచింది నేనే. కోశాను. సూదులు లేవు. ఇంకో కోత. లేవు. ఇంకోటి. లేవు. కళ్ళు మసకబారాయి. ధన్‌సింగ్ నా ముఖం చూసి, ఆ ముక్క అందుకుని, తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మేడం, ఇది అల్లం."

వాసన చూశాను. అల్లమే. ఆరేళ్ళ పరిశోధన చేసి, అల్లం ముక్క పట్టుకుని ప్రాణాలు పోయినంత భయపడ్డాను. అతను ముందు నవ్వాడు, నేను తర్వాత. గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉన్నాం, కోళ్ళు మమ్మల్ని చూస్తూ నిలబడ్డాయి.

డాక్టరమ్మకు ఫోన్ చేసి, దొరికిన ప్రతి దుంప ముక్కలోనూ సూదులున్నాయి, అడవి దుంపే, గొంతు వాపు వాటివల్లే కావచ్చు అని చెప్పాను. కోళ్ళు తిన్న తొక్కల సంగతి చెప్పలేనని కూడా చెప్పాను. "మంచి మాట చెప్పినవమ్మా. అయినా రక్తం చూస్తనే ఉందాం" అంది.

నవంబర్ 20

రక్తం బాగానే ఉంది. ఇద్దరివీ.

బుట్టను ఎవరో దింపలేదు. శనివారం బూజు పడుతుందని ఎండకు దింపింది నేనే. మళ్ళీ ఎక్కించలేదు.

నవంబర్ 21

ఇవాళ్టిది ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

రక్తం ఇవాళా బాగుంది. వాపులు తగ్గాయి. మధ్యాహ్నం ఇద్దరూ మంచాల మీద లేచి కూర్చుని మజ్జిగన్నం తింటున్నారు. డాక్టరమ్మ వచ్చి, "అడవి దుంపలు మీకు కొత్త గాదు గదా. సరిగ్గ వండితే గొంతు గిట్ల కావద్దు మరి" అంది. ఇద్దరూ పళ్ళేలలోకి చూస్తున్నారు.

ఆమె వెళ్ళాక నేనే అడిగాను. "రూప్లత్తా, రాత్రంతా నీళ్ళల్ల నానబెట్టిర్రా?"

రూప్లి అత్త అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ కిటికీ వైపు చూసింది.

"మీ అత్తకు ఆకలైందంట" అంది రూప్లి అత్త.

"నాకా? జల్దీ తిని పోవాలె, బస్సుందన్నది ఎవరు?"

"నానబెట్టాలె విశ్రాంతమ్మా అని అంటనే ఉన్న."

"అన్నవ్. అనుకుంటనే కోసినవ్. అనుకుంటనే పొయ్యి మీద పెట్టినవ్. ఒక్క ఉడుకుకే దించినవ్."

"చింతాకు వేస్తే పోతదన్నవ్ గదా!"

"చింతాకు యాడున్నది ఇంట్ల? అల్లం వేసినం."

షాలేమ్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ధన్‌సింగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.  మంచం చివర కూర్చున్నాను.

"మరి నా బుట్ట ముట్టుకోలేదా?"

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు విషమన్నంక ఎందుకు ముడ్తమే? కోళ్ళు మూతి పెడ్తయని బుట్ట మీద చాట బోర్లించిన గూడ. మళ్ళ ఉల్లిగడ్డలు తీస్కుంటప్పుడు తీసి గోడకు ఆనించిన. చూళ్ళే?"

చాట చూశాను. గోడకు ఆనించి ఉంది. ఎందుకుందో ఆలోచించలేదు.

"ముందే చెప్పొచ్చు గదమ్మా!" అన్నాడు షాలేమ్.

"ఎవరు అడిగిర్రురా మమ్మల్ని? అందరు ఒకరితోని ఒకరు మాట్లాడుకునుడే. డాక్టరమ్మ ఏం తిన్నరంటే దుంపలని చెప్పినం. అంతే. సిగ్గయింది, మిగిలింది చెప్పలే."

ఎవరూ అడగలేదు. మొదటిరోజు ఆమె నా చెయ్యి పట్టుకుని నొక్కినప్పుడు, నా గడ్డ తీసినవా అని ఒక్క మాట అడిగి ఉంటే తల అడ్డంగా ఊపేది. మాట రాకపోతేనేం, తల ఊపడానికి గొంతు అక్కర్లేదు. విసిగించకూడదని కాదు నేను అడగనిది. అవునంటుందేమోనని.

నవంబర్ 24

అత్తమ్మ ఇంటికి వచ్చింది. చర్చి నుంచి జనం వస్తూనే ఉన్నారు. ప్రతి ఒక్కరికీ కథ మొదటి నుంచి చెప్తోంది, ప్రతిసారీ తప్పు రూప్లి అత్త మీదికి ఇంకొంచెం జరుగుతోంది.

నవంబర్ 25

షాలేమ్ సబ్‌స్టేషన్ నుంచి వస్తూ సంచిలో ఒక రేకు తెచ్చాడు. ఎర్ర రంగు, పుర్రె బొమ్మ, కింద 'ప్రమాదము' అని. కరెంటు స్తంభాలకు కట్టేది. తీగ తీసుకుని నా గడ్డల బుట్టకు కట్టాడు, స్తంభానికి కట్టినంత శ్రద్ధగా.

"ఆఫీసుల అడిగినవా?"

"పాతది. పారేసిండ్రు."

ఇంకో మెలిక తిప్పాడు. తర్వాత తల ఎత్తకుండానే, "దవాఖానల అన్న మాట అనకుండ ఉండాల్సింది" అన్నాడు.

"భయంల అన్నవ్."

"భయంలనే. అయినా అనకుండ ఉండాల్సింది."

బుట్టను తనే అటక మీద పెట్టాడు. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఎన్ని రోజులైందో.

నవంబర్ 28

రూప్లి అత్త వచ్చింది. గొంతులో గుచ్చిన సూదులు చూడాలని ఇద్దరూ పట్టుబట్టారు. దాచి ఉంచిన స్లైడు పెట్టాను.

అత్తమ్మ కళ్ళజోడు తీసి, చాలాసేపు చూసింది. "ఓయమ్మ! సూదులే! ఎవరో కూసొని కట్టలు కట్టినట్టే ఉన్నయి. రూప్లీ, రా, నువ్వు వండింది చూడు."

రూప్లి అత్త చూసి, "ఇన్నా! ఇన్ని తిన్నమా!" అంది. తిన్నందుకు కొంచెం గర్వం కూడా ఉంది ఆ గొంతులో.

నాగేటిగడ్డది కూడా చూపించమన్నారు. చూపించాను. గుండ్రటి పిండిరేణువులు తప్ప ఏమీ లేవు, శుభ్రంగా ఉంది.

"దీంట్ల ఏం లేదు గదనే" అంది అత్తమ్మ.

"అదే చంపేది అత్తమ్మా."

"మరి దీన్ని చూస్తే విషమని ఎట్ల తెలుస్తది?"

"చూస్తే తెల్వదు. పక్కన పెట్టి పోల్చుకోవాలె. నా పనే అది."

"గిదా నువ్వు చేసేది ఇన్నేండ్ల సంది!" అంది. పెళ్ళయినప్పటి నుంచి రోజూ చెప్తున్నాను. ఇవాళ విన్నది.

డిసెంబర్ 2

అత్తమ్మ దువ్వెన చూశాను. ఊరికే.

డిసెంబర్ 3

దువ్వెన చూశాను.

డిసెంబర్ 5

గైడ్ సార్‌కి అధ్యాయం మళ్ళీ పంపాను. అగ్నిశిఖ ఎదురుగా 'సూదులు లేవు' అన్నది అలాగే ఉంచి, కింద ఎన్ని గడ్డల్లో ఎన్ని కోతలు చూశానో రాశాను. అడవి దుంప పూలమొక్క కాదు, అందం కోసం ఎవరూ పెంచరు. అయినా పోల్చడానికి ఒక వరస చేర్చాను. సాయంత్రానికే ఫోన్ చేశారు. "ఈ వరస ఎందుకు చేర్చావమ్మా?" అంటే మొత్తం చెప్పాను.  "ఉంచు. లేదని చెప్పడానికి ఎన్ని చూశావని ఇకముందు నేను నిన్ను అడగను" అన్నారు.

దువ్వెనలో మూడు నాలుగు వెంట్రుకలు.

డిసెంబర్ 8

కాల్చిసిన్ ఒంట్లోకి పోతే రెండు మూడు వారాలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుందని చదివాను. అదే నా భయం. తొక్కల్లో సూదులు చూశాను, రక్తం రిపోర్టులు చూశాను, వాళ్ళ నోటితో విన్నాను. అన్నీ నమ్మాను. పొద్దున్నే దువ్వెన దగ్గరికి మాత్రం వెళ్తూనే ఉన్నాను.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక దొరికిపోయాను. వెనక నిలబడి ఉంది.

"రోజు నా దువ్వెన ఎందుకు చూస్తున్నవే? పేలున్నయా నాకు?"

అబద్ధం చెప్పబోయాను, నోట్లోంచి రాలేదు. మొత్తం చెప్పాను. జుట్టు సంగతి, బుట్ట నేనే దింపిన సంగతి, ఆ రోజు మంచం దగ్గర భయపడి అడగని సంగతి. ఆమె విన్నది.  తర్వాత వరండాలో నా ముందు చాప మీద కూర్చుని, వీపు నా వైపు తిప్పి, కొప్పు విప్పింది. తెల్లగా, నడుం దాకా పడింది.

"గుంజు."

"వద్దత్తమ్మా."

"గుంజంటున్న గదా. నీ కండ్లతోని చూస్తేగాని నువ్వు నమ్మవ్."

రెండు వేళ్ళకు చుట్టుకుని మెల్లగా లాగాను.

"గిదా గుంజుడు? గట్టిగ!"

గట్టిగా లాగాను.

"అబ్బా! సావగొడ్తవా!" అని అరిచింది. లోపలి నుంచి షాలేమ్ పరుగెత్తుకొచ్చాడు. వేళ్ళు విప్పి చూసుకున్నాను. రెండు వెంట్రుకలు. ఎవరిని లాగినా వచ్చేవి. కుచ్చు కాదు. తల నిండా జుట్టు అలాగే ఉంది.

"అయిందా?" అంది అత్తమ్మ, తల రుద్దుకుంటూ. "లేకుంటే నన్ను గూడ బ్లేడు పెట్టి కోసి చూస్తవా?"

నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఆమె వీపు మీద తల ఆనించి ఏడ్చాను, ఆ రోజు ఆటోలో ఏడవాల్సింది కూడా కలిపి. ఆమె కదలకుండా కూర్చుంది. షాలేమ్ ఏమైందని అడిగితే, "ఏం కాలే. నువ్వు పోయి రూప్లికి ఫోన్ చెయ్యి, రేపు రమ్మను. కూరగాయలు తెమ్మను. దుంపలు తప్ప ఏవన్నా" అంది.

తర్వాత కొప్పు నన్నే ముడవమంది. ముడిచాను, గట్టిగా.